మీ నాన్న ఏ వయసులో పోయాడు?

నేరేడుచర్ల మెయిన్ రోడ్డు మీద మిర్యాలగూడ బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒకసారి తలెత్తి ఫ్లెక్సీలు చూడండి. నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షల నడుమ శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. నల్లటి మీసం, ఇస్త్రీ చొక్కా, ఏదో పెళ్లి ఫొటోలోంచి కత్తిరించి పెట్టిన నవ్వు. ముసలివాళ్ల ముఖాలు కావవి. బడికి పోయే పిల్లలున్న తండ్రుల ముఖాలు. ఏమైందని అడిగితే ఊరంతా ఒకటే జవాబు: "రాత్రి దాకా మంచిగనే ఉండె. పొద్దుగాల లేపితే లేవలే. దేవుడు రాసిన రాత."

దేవుడి మీదికి నెట్టకండి. ఆ చావు సంగతి చాలా వరకు ఆ ఇంట్లోనే, బీరువాలో, కాగితాల మీద రాసి ఉంది. చదివినవాడు లేడు. చదివినవాడు ఉంటే నోరు విప్పలేదు.

మిమ్మల్నే అడుగుతున్నా. మీ నాన్న ఏ వయసులో పోయాడు? దేనితో పోయాడు? మీ అమ్మకు బీపీ ఎప్పటి నుంచి? మీ మేనమామకు స్టెంట్ వేసింది ఎన్నో ఏట? తడుముకుంటున్నారు కదా. పాస్‌బుక్కులో ఉన్న భూమి గుంటలతో సహా చెప్పగలరు. మీ తాతల నాడు పాలివాళ్లు గెట్టు ఎంత జరిపారో చెప్పగలరు. కన్నతండ్రి గుండె ఎందుకు ఆగిందో చెప్పలేరు.

మా బజార్లో ఒక ఇల్లుంది. పేరు చెప్పను. రైస్‌మిల్లులో లెక్కలు రాసే మనిషి, యాభై నిండలేదు, నాట్ల కాలంలో ఒక తెల్లవారుజామున పోయాడు. దినాలు అయిపోయాక భూమి కాగితాల కోసం బీరువా తీస్తే చీరల కింద ఒక ప్లాస్టిక్ కవరు దొరికింది. ఆ కవరు నేను చూశాను. నాలుగేళ్ల కిందటి చీటీ. బీపీ 170/110 అని రాసి డాక్టరు దాని కింద రెండు గీతలు గీశాడు. చీటీతో పాటు గోలీల షీట్లు. మొదటి షీటులో మూడు గోలీలు తీసి ఉన్నాయి. మిగతా వాటి వెండి రేకు చెక్కుచెదరలేదు. ఎందుకు మింగలేదని అడిగితే ఆయన భార్య చెప్పింది: ఆ ఏడు పెద్దబిడ్డకు సంబంధాలు చూస్తున్నారట. "అయ్యకు బీపీ ఉందని తెలిస్తే పిల్లకూ వస్తదంటరు, సంబంధం తప్పిపోతది" అని పెద్దలు కవరు దాచమన్నారట. దాచారు. పెళ్లయింది. తండ్రి పోయాడు. ఆ పిల్లకు మాత్రం, అమ్మా నువ్వు ఇప్పటి నుంచే బీపీ చూపించుకోవాలి అని ఇప్పటికీ చెప్పినవాళ్లు లేరు.

పెళ్లిచూపులకు కూర్చున్నప్పుడు గోత్రం అడుగుతారు, నక్షత్రం అడుగుతారు, పొలం సాగర్ కాలువ కిందా బోరు కిందా అని అడుగుతారు, పిల్లవాడి జీతం, పిల్ల రంగు, హైదరాబాద్‌లో ప్లాటుందా లేదా అన్నీ అడుగుతారు, పంతులుకు పైసలిచ్చి గ్రహాలన్నీ లెక్క కట్టిస్తారు. పిల్లవాడి తండ్రి నలభై ఎనిమిదో ఏట గుండెపోటుతో పోయాడన్న సంగతి మాత్రం ఇటువాళ్లు అడగరు, అటువాళ్లు చెప్పరు. తండ్రి గాని అన్నదమ్ముడు గాని 55 ఏళ్ల లోపు, తల్లి గాని అక్కచెల్లెలు గాని 65 ఏళ్ల లోపు గుండెజబ్బు పాలైతే ఆ ఇంటి పిల్లలకు ముప్పు పెద్దదని డాక్టర్లు దశాబ్దాలుగా చెబుతున్నారు. కోట్ల మైళ్ల అవతలి శని మీ ఇంటికి ముఖ్యమయ్యాడు. ఇంట్లో గోడకు దండ వేసి ఉన్న ఫొటో ముఖ్యం కాలేదు. సిగ్గుండాలి మనకు.

మేనరికాల సంగతి అంతకంటే ఘోరం. పుట్టుకతోనే చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) బాగా ఎక్కువగా ఉండే జబ్బు ఒకటుంది, తండ్రి నుంచో తల్లి నుంచో జన్యువులో దిగుతుంది. ఎల్‌డీఎల్ 190 దాటి ఉంటుంది. మనిషి బక్కపలచగా ఉన్నా, మాంసం ముట్టకపోయినా ఉంటుంది. దాని గుట్టు విప్పినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరికి 1985లో నోబెల్ ఇచ్చారు. ఒక వైపు నుంచి వస్తే నలభైల్లోనే గుండెపోటు రావచ్చు. మేనమామ బిడ్డను చేసుకుని రెండు వైపుల నుంచీ వస్తే, పుట్టిన పిల్లవాడికి మోచేతుల మీద, మోకాళ్ల మీద పసుపుపచ్చ గడ్డలు లేస్తాయి, మీసం రాకముందే గుండె దెబ్బతింటుంది. ఆ గడ్డలకు తాయెత్తు కడతారు! ఒక్క రక్తపరీక్షతో బయటపడే సంగతి. ఇంటి చరిత్ర బయటికి చెప్పుకునే అలవాటుంటే పెళ్లికి ముందే బయటపడే సంగతి.

మన హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లే 2009లో ఇంకోటి తేల్చారు. గుండె కండరాన్ని బలహీనపరిచే ఒక జన్యులోపం, డీఎన్‌ఏలో 25 అక్షరాల ముక్క ఊడిపోవడం, భారతీయుల్లో దాదాపు వందకు నలుగురిలో ఉందని. వందకు నలుగురు! ఒక్కో బజారుకూ కొందరు. అది ఇళ్ల వెంట పారే జబ్బు. మనం మాత్రం ఆ ఇళ్ల తలుపులు మూసి కూర్చున్నాం.

"అది డబ్బున్నోళ్ల రోగం, కష్టం చేసుకునేటోళ్లకు రాదు" అనేవాళ్లకు ఒక మాట. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో చావులను ఇంటింటికీ వెళ్లి లెక్కపెట్టారు. పట్నాలు కాదు, పల్లెలు. కాలువ కింద వరి పండించే, మనలాంటి పల్లెలు. అక్కడ అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసింది గుండె, రక్తనాళాల జబ్బులు. చావుల్లో దాదాపు మూడో వంతు. ఇరవై ఏళ్ల పైమాట ఇది. ఈ లెక్క అచ్చయ్యాక కూడా ఇంకా డబ్బున్నోళ్ల రోగమనేవాడు తన తప్పుకు ఊరి పేదవాళ్ల ప్రాణం పణంగా పెడుతున్నాడు.

అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరుంది. మన నేరేడుచర్లలాగే పెద్ద పేరున్న ఊరేమీ కాదు. 1948లో అక్కడ 5,209 మందిని ఎంచుకుని, వాళ్ల బీపీ, కొలెస్ట్రాల్, పొగ, బరువు రాసుకుంటూ ఏళ్లకేళ్లు వెంటబడి చూశారు. ఎవరు పోతున్నారు, పోయినవాళ్లలో ముందునుంచీ ఏమున్నాయి అని. 1961 నాటికే ముప్పు కారకాలంటూ లెక్క అచ్చువేశారు. అంటే నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు రాకముందే ప్రపంచానికి ఈ సంగతి తెలుసు. 2004లో కేరళలో పుట్టిన సలీం యూసుఫ్ 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చి చూసి చెప్పాడు: మొదటి గుండెపోటు ముప్పులో తొంభై శాతం తొమ్మిది సంగతుల దగ్గరే తేలిపోతుందని. పొగాకు, చెడు కొవ్వులు, బీపీ, షుగర్, పొట్ట, మనసు మీది ఒత్తిడి, కూరగాయలూ పండ్లూ తినకపోవడం, ఒళ్లు కదపకపోవడం, మద్యం అలవాటు. అదే లెక్కలో మన ఉపఖండం వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53వ ఏట వస్తోంది, మిగతా ప్రపంచానికి దాదాపు 59. ఆరేళ్ల ముందే! పిల్ల పెళ్లి, కొడుకు చదువు, ఇంటి అప్పు, అన్నీ ఆ ఆరేళ్లలోనే ఉంటాయి.

తొమ్మిది సంగతులు. మీలో ఎన్ని ఉన్నాయో తెలుసా? విడివిడిగా చూస్తే ప్రతిదీ చిన్నదే. కాస్త బీపీ, కాస్త షుగర్, కాస్త పొట్ట, రోజుకు నాలుగు బీడీలు. ఒక్కోదాన్నీ "గింతదానికేమైతది" అని తోసేస్తారు. కానీ ఇవి ఒకదాన్నొకటి హెచ్చవేసుకుంటాయి. నాలుగు కాస్తలు ఒక్క మనిషిలో కలిస్తే అది పెద్ద ముప్పు. మీ పక్కింటాయనకు 150 బీపీ అంటే ఒక అర్థం. మీ నాన్న 50కే పోయి, మీకు షుగరుండి, మీరు బీడీ తాగుతుంటే అదే 150కి ఇంకో అర్థం. అందుకే ఎవరి లెక్క వాళ్లే వేసుకోవాలి. పక్కోడు బతికిపోయాడన్నది మీకు హామీ పత్రం కాదు.

"మా తాత రోజూ నెయ్యి తాగి తొంభై ఏళ్లు బతికిండు" అనే మనిషి ప్రతి చాయ్ హోటల్లో ఉంటాడు. మీ తాత నడిచాడయ్యా! నాగలి పట్టాడు, మడి దున్నాడు, మోట తోలాడు, ఒడ్లు భుజాన మోశాడు. మీరేం చేస్తున్నారు? దమ్ము ట్రాక్టరు చేస్తుంది, నాట్లు బయటి రాష్ట్రాల కూలీలొచ్చి వేస్తున్నారు, కోత మిషను కోస్తుంది, మందు డ్రోను కొడుతుంది. మీరు గెట్టు మీద బండి స్టాండు వేసి ఫోను చూస్తున్నారు. పొలం దాకా బండి మీదే, పాలకేంద్రం దాకా బండి మీదే. తిండి మాత్రం తాత తిన్నంత. తాతకు తోడబుట్టి, చిన్నప్పుడే జ్వరానికో కలరాకో పోయిన అన్నదమ్ముల లెక్క ఎవరూ చెప్పరు. బతికి బట్టకట్టిన ఒక్కణ్ని చూపించి ఊరందరికీ అభయమిస్తారు.

అన్నం గురించి కూడా మాట్లాడతాను, కోపగించుకుంటే కోపగించుకోండి. 2025 ఉగాదికి మన హుజూర్‌నగర్‌లోనే రేషను సన్నబియ్యం పథకం మొదలైంది, మనిషికి ఆరు కిలోలు. పేదవాడు సన్నన్నం తినడం గౌరవం, దానికి నేను అడ్డు కాదు. కానీ తెల్లగా పాలిష్ పట్టిన అన్నం పళ్లెం నిండా, మూడు పూటలా, పక్కన చెంచాడు పప్పు, ఊరగాయ, ఇదా భోజనం? 21 దేశాల్లో లక్షా ముప్పై వేల మందిని చూసి 2020లో చెప్పిన మాట: రోజుకు 450 గ్రాములకు మించి తెల్లన్నం తినేవాళ్లకు, 150 గ్రాముల లోపు తినేవాళ్లతో పోలిస్తే షుగర్ ముప్పు మన దక్షిణాసియాలో 61 శాతం ఎక్కువ. 450 గ్రాములంటే వండిన అన్నం. మన దగ్గర చాలామంది ఒక్క పూటకే అంత లాగేస్తారు. రాష్ట్రానికంతా బియ్యం మరపట్టి పంపే ప్రాంతం మనది. తినే లెక్క మాత్రం మనకే తెలియదు.

2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్లకే పోయారు. 2023 జూన్‌లో తెలంగాణ పాటకు గొంతైన సాయిచంద్ నలభై నిండకుండానే పోయాడు. ఆ రెండు రోజులూ ఈ నేల నిజంగా ఏడ్చింది. వాళ్ల ఒంట్లో ఏముందన్నది వాళ్ల కుటుంబాల సొంత విషయం, దాని జోలికి నేను పోను. నా కోపం తర్వాత జరిగిన దాని మీద. టీవీలు జిమ్‌ను తిట్టాయి. వాట్సాప్ వీరులు కోవిడ్ టీకాను తిట్టారు. ఇప్పటికీ తిడుతున్నారు. ఐసీఎంఆర్ వాళ్లు 18–45 ఏళ్ల లోపు హఠాత్తుగా పోయిన 729 మంది గురించి, దేశంలోని 47 ఆసుపత్రుల నుంచి వివరాలు తీసి, 2023లో లెక్క బయటపెట్టారు. టీకా ముప్పు పెంచలేదు. పెంచినవేంటి? కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరాల్సి రావడం, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, మత్తుమందులు, ఒక్కసారిగా ఒంటికి మించిన శ్రమ. ఇంకొకటి, కుటుంబంలో అంతకుముందు ఎవరో ఇట్లాగే హఠాత్తుగా పోవడం! మళ్లీ అక్కడికే వచ్చాం. ఇంటి చరిత్ర. ఆ ఒక్క ముక్క ఫార్వర్డ్ చేసిన వీరుడు ఒక్కడూ నాకు కనపడలేదు. టీకాను తిడితే మనం మారక్కర్లేదు. అందుకే ఆ అబద్ధం అంత రుచిగా ఉంది.

ఇక మీ గుమ్మంలోకి వచ్చే నిజం గురించి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరి కోసం ఆశా అక్క ఒక ఫారం పట్టుకుని వస్తుంది. వయసు, పొగాకు, మందు, నడుము చుట్టుకొలత, వారానికి 150 నిమిషాలు ఒళ్లు కదుపుతున్నారా, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా. ఒక్కోదానికి పాయింట్లు. నాలుగు దాటితే ముందుగా పరీక్షలకు పంపాలి. రోజూ బీడీ అయితే రెండు. తండ్రికి గుండెజబ్బుంటే రెండు. మగవాడి నడుము 90 సెంటీమీటర్లు దాటితే ఇంకొకటి. వయసు కలపకముందే ఐదు! ఖరీదైన ఆసుపత్రి వేసే రిస్కు లెక్కకూ దీనికీ మూలసూత్రం ఒకటే. అది మీ అరుగు మీదికి ఉచితంగా వచ్చింది.

మీరేం చేశారు? నా కళ్లారా చూశాను. ఆశా అక్క టేపు తీయగానే ఇంటాయన నవ్వి లోపలికి పోతాడు. "మొగోళ్లకు నడుము కొలుచుడేంది" అంటాడు. ఆమె గడపలో నిలబడి టేపు చేతికి చుట్టుకుంటూ, "అన్నా, నువ్వే కొలుచుకుని చెప్పు" అంటుంది. "రాస్కో నీ ఇష్టమొచ్చింది" అని లోపలి నుంచి కేక. బీడీ గురించి అడిగితే లేదంటాడు, చెవి మీద బీడీ పెట్టుకునే. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బా అంటే లేదంటాడు, తండ్రి ఫొటో వెనకే ఉంది. ఆమె ఫారం నింపుకుని పోతుంది. ఆ అబద్ధం ఎవరికి చెప్పినట్టు? ఆమె గుండె కాదు కదా ఆగేది.

నమిలే పొగాకు పొగ కాదు కదా అనేవాళ్లూ వినండి. 52 దేశాల లెక్కలోనే తేలింది: జర్దా, తంబాకు నమిలినా గుండెపోటు ముప్పు రెట్టింపు దాటుతుంది.

ఆడవాళ్ల సంగతి ఈ ఊరు అసలు మాట్లాడదు. గుండెపోటు మగవాళ్లదని రాసిపెట్టుకున్నారు. కాన్పప్పుడు బీపీ పెరిగిన ఆడమనిషికి, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన ఆడమనిషికి తర్వాతి జీవితంలో గుండె ముప్పు ఎక్కువ. కాన్పు అయిపోగానే ఆ కాగితం చింపి పారేస్తారు. ఇంకా పెద్ద పాపం ఉంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలోకెల్లా ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, తర్వాత తెలంగాణలో. తెల్లబట్టకు, నడుంనొప్పికి, "క్యాన్సరైతది" అని భయపెట్టి కోసిపారేశారు. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే గుండెకు ఆడమనిషికున్న సహజ రక్షణ పోతుంది. ముప్పై ఐదేళ్లకు ఆపరేషను చేసి పైసలు తీసుకుని పంపినవాడు, అమ్మా నీకు ఇకమీదట గుండె ముప్పు పెరిగింది, ఏటా బీపీ, షుగర్ చూపించుకో అని చెప్పాడా? చెప్పడు. ఆపరేషనుకు బిల్లుంది, ఆ మాటకు బిల్లు లేదు.

భయం అమ్మేవాళ్లు ఇంకో జాతి. 999 రూపాయలకు డెబ్బై పరీక్షలట. డెబ్బై పరీక్షల రిపోర్టు పుస్తకమంత మందం ఉంటుంది. అందులో మీ నాన్న గురించి ఒక్క ప్రశ్న లేదు. మనవాళ్లలో ఎక్కువగా కనిపించే లైపోప్రోటీన్ ఏ, జన్మలో ఒక్కసారి చూస్తే చాలుననే పరీక్ష, మామూలు కొలెస్ట్రాల్ రిపోర్టులో ఉండనే ఉండదు. ఇక "ఈసీజీ నార్మల్ వచ్చింది" అని ఊరంతా చెప్పుకు తిరిగేవాళ్లు. ఈసీజీ ఆ నిమిషం గుండె ఎట్లా కొట్టుకుంటోందో చెబుతుంది. రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పూత వచ్చే నెల పగులుతుందో లేదో చెప్పదు. సగం కూడా మూసుకోని నాళంలో సైతం ఆ పూత పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి మనిషి పోవచ్చు. తెల్లకంకి తీశాక మొగిపురుగుకు మందు కొట్టే రైతును చూసి మీరే నవ్వుతారు. మీ ఒంటి విషయంలో మీరు చేస్తున్నది అదే.

నొప్పి వచ్చిన రాత్రి చూడాలి మన తెలివి. ఛాతీ బిగుస్తుంది, చెమటలు కారుతాయి, దవడ దాకా లాగుతుంది. ముందు సోడా. తర్వాత వాము. తర్వాత ఆర్‌ఎంపీ, గ్యాస్ సూది. అర్ధరాత్రి తలుపు తీసేది అతనొక్కడే, నిజమే, అందుకు దండం పెడతాను. కానీ నలభై దాటిన మనిషికి, అందులో షుగరున్న మనిషికి, ఈసీజీ తీయకుండా గ్యాస్ అని పేరు పెట్టే హక్కు ఎవడికీ లేదు. షుగరున్నవాళ్లకు నొప్పి కూడా రాకపోవచ్చు, ఆయాసం ఒక్కటే రావచ్చు. గడ్డ కరిగించే మందు మొదటి గంటల్లో పడితేనే కండరం దక్కుతుంది. ఆ గంటలు మనం సోడాకిస్తున్నాం.

నాయకుల గురించి ఎక్కువ రాయను, వాళ్లకు దండలు ఎక్కువే పడుతున్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, 2023 డిసెంబరులో పరిమితి పది లక్షలైంది. 2017లో కేంద్రం మందు పూసిన స్టెంట్ ధరను 29,600కు దించింది. మంచివే. కానీ ఏ సభలోనైనా ఏ ఎమ్మెల్యే అయినా, "నా నియోజకవర్గంలో బీపీ అదుపులో ఉన్నవాళ్లు ఇంతమంది" అని చెప్పడం విన్నారా? దేశంలో బీపీ అదుపు పథకం మొదలైన మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. గోలీలు సర్కారు దవాఖానలో ఉచితం. మనవాళ్లు ఒక నెల మింగి, "ఇప్పుడు నార్మలొచ్చింది" అని ఆపేస్తారు. నార్మలొచ్చింది గోలీ వల్లే కదా! "మొదలు పెడితే చచ్చేదాకా వాడాలట" అని భయపెడతారు. వాడండి. అన్నం చచ్చేదాకా తింటున్నారు, దానికి భయపడలేదే.

ఇది చదివి పెళ్లిళ్ల పేరయ్యలు మండిపడతారు, గర్భసంచి డాక్టర్లు మండిపడతారు, మా బంధువుల్లో కొందరు నాతో మాట్లాడరు. సరే. మీరు మాత్రం ఈ ఆదివారం మీ అమ్మ దగ్గర కూర్చోండి. రెండు వైపులా తాతలు, నానమ్మలు, మేనమామలు, బాబాయిలు, మేనత్తలు, ఎవరు ఏ వయసులో, దేనితో పోయారో, బతికున్నవాళ్లకు ఏముందో అడిగి ఒక కాగితం మీద రాయండి. పక్కన మీ బీపీ, షుగర్, ఎల్‌డీఎల్, నడుము కొలత రాయండి. ఆశా అక్క వచ్చినప్పుడు ఆ కాగితం చూసి నిజం చెప్పండి. దాని నకళ్లు తీసి మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, అల్లుళ్లకు, కోడళ్లకు ఇవ్వండి. రేపు మీ బిడ్డకు సంబంధం మాట్లాడేటప్పుడు జాతకంతో పాటు ఈ కాగితమూ అవతలివాళ్ల చేతిలో పెట్టండి, వాళ్లదీ అడిగి తీసుకోండి. అది చూసి సంబంధం వద్దని లేచేవాళ్లుంటే, లేచిపోనివ్వండి.